నెలాఖరు సీసాలు

ఆస్పత్రి క్వార్టర్స్, రెండో అంతస్తు
జూన్ 6

వదినా,

ఒక్క పూట ప్రయాణం దూరానికి, చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలేమిటే అని అన్నయ్య వెక్కిరిస్తాడు. "ఫోన్లో అయితే నవ్వేసి తప్పించుకుంటావు, కాగితం మీదైతే దొరికిపోతావు" అని ఈ అలవాటు చేసింది నువ్వే కదా! అందుకే రాస్తున్నాను. నాకు ప్రమోషన్ వచ్చింది. పందొమ్మిదేళ్ళు వార్డుల్లో కాళ్ళరిగేలా తిరిగిన దాన్ని, ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సునయ్యాను. అంటే ఒక జబ్బుతో వచ్చిన రోగి రెండు జబ్బులతో ఇంటికి పోకుండా చూసుకోవడం నా పని. ఒక గది ఇచ్చారు. బల్ల, కుర్చీ, తలుపు మీద నా హోదా, అన్నీ ఉన్నాయి. చేతులు కడుక్కోవడానికి కుళాయి మాత్రం లేదు.

నిన్న మొదటి శిక్షణ జరిగింది. మూడు వందల పన్నెండు మంది రావాలి. సంతకాలు మూడు వందల పన్నెండూ వచ్చాయి, మనుషులు తొంభై మంది వచ్చారు. అందులో సగం మంది సరిగ్గా టీ వేళకి దిగారు. బ్యానర్ మీద సూపరింటెండెంటుగారి బొమ్మ తలుపంత, చేతులు కడుక్కునే బొమ్మ తపాలా బిళ్ళంత. అందరి చేతులకీ ఒక లోషన్ రాసి, కడుక్కు రమ్మన్నాను. నీలం దీపం కింద పెడితే సరిగ్గా కడగని చోటల్లా మెరుస్తుంది. ఆయాల చేతులు ఒక్కటీ మెరవలేదు. డాక్టర్ల చేతులు పెళ్ళిపందిరిలా వెలిగాయి!

చివర్లో ఎముకల వార్డు పెద్ద సర్జన్ వచ్చాడు. ఆయన్ని అందరూ సుడిగాలి అంటారు, ముప్పై మంచాలు పదకొండు నిమిషాల్లో చూసేస్తాడు. "చూడమ్మా, నేను చేతులు కడుక్కుంటూ కూచుంటే జనం కాళ్ళెవరు బాగుచేస్తారు?" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా గంటన్నర ఉపన్యాసానికి ఒక్కరు కొట్టలేదు.

అంతకు ముందు వారమంతా ఫైళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ వార్డుల్లో నిలబడి లెక్కపెట్టాను. రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకున్నది నూటికి ముప్పై నాలుగు సార్లు. ఆ మాట సూపరింటెండెంటుగారికి చెప్తే, "ముప్పై నాలుగా? పాస్ మార్కు కూడా లేదే! సెప్టెంబర్లో తనిఖీ వాళ్ళొస్తున్నారు, తొంభై దాటాలి" అన్నారు. ఎలాగండీ అన్నాను. "అది నీ పని" అన్నారు. చూద్దాం.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి
జూన్ 15

దొరసానీ,

శుభం. కుళాయి లేని గదిలో కూర్చుని ఊరందరికీ చేతులు కడుక్కోమని చెప్పే ఉద్యోగమన్నమాట. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నేను ముప్పై మూడేళ్ళు బళ్ళో చేసిందే, నీకు కొత్త గానీ నాకు కాదు.

తనిఖీ అన్నావు కాబట్టి ఒక మాట చెప్తాను, విను. మా బళ్ళో ఇన్‌స్పెక్టరు వచ్చిన ప్రతిసారీ నేను వానచుక్క పాఠమే చెప్పేదాన్ని. పదకొండేళ్ళు అదే పాఠం. పిల్లలు అడక్కముందే జవాబులు చెప్పేవాళ్ళు. ఆఖరి ఏడాది ఇన్‌స్పెక్టరు కూడా వాళ్ళతో కలిసి చెప్పేశాడు. "భేష్, బ్రహ్మాండమైన తరగతి" అని రాసి వెళ్ళాడు. ఆ ఏడు మా తరగతిలో పద్నాలుగు మందికి కూడికలు రావు. ఇప్పటికీ ఆ పద్నాలుగు మొహాలూ నాకు గుర్తే. నువ్వు మాత్రం నాలా చెయ్యకు.

మీ అన్నయ్య కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. మెట్టెక్కాలంటే నా భుజం కావాలి. కీలు మార్చాల్సిందే అన్నారు. ఇక్కడ చేయించుకోండి అంటే వినరే! "మా చెల్లెలి ఆస్పత్రిలోనే చేయించుకుంటా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అంటారు. నువ్వేమంటావు?

మీ వదిన


ఆస్పత్రి క్వార్టర్స్
ఆగస్టు 3

వదినా,

నీ ఆడపడుచు బుర్రే బుర్ర! ఈ ఉత్తరం అన్నయ్యకి కూడా గట్టిగా చదివి వినిపించు.

మనుషుల వెనక నిలబడి లెక్కపెట్టడం మానేశాను. నేను కనిపిస్తే చాలు, కుళాయిల దగ్గర తొక్కిసలాట. ఒక నర్సయితే నన్ను చూసి కంగారులో అప్పుడే కడుక్కున్న చేతుల్ని మళ్ళీ కడిగింది. అందుకని ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఒక శానిటైజర్ సీసా పెట్టించాను. నెలాఖరున ఖాళీ సీసాలు లెక్కపెడతాను. ఎన్ని లీటర్లు ఖర్చయితే అన్నిసార్లు చేతులు రుద్దుకున్నట్టు. మనిషి అబద్ధమాడతాడు గానీ సీసా ఆడదు కదా!

జూన్ నెలాఖరుకి లెక్క మహా దరిద్రంగా వచ్చింది. ఏ వార్డు ఎన్ని లీటర్లు వాడిందో బోర్డు మీద రాయించి మెట్ల దగ్గర పెట్టించాను. ఎముకల వార్డు అట్టడుగున ఉంది. ఆ వార్డు హెడ్ సిస్టర్ నా గదికొచ్చి, "మా పరువు తీశావు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జాలేసింది, కానీ బోర్డు తియ్యలేదు. జూలై నెలాఖరుకి ఏమైందో తెలుసా? ఎముకల వార్డు మొదటి స్థానం! ఖర్చవ్వాల్సిన లీటర్లలో ఆస్పత్రి మొత్తం మీద నూటికి తొంభై ఆరు! సూపరింటెండెంటుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని టీ తెప్పించారు. పందొమ్మిదేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. పేపరువాళ్ళొచ్చి నా ఫోటో తీసుకున్నారు, సీసా పట్టుకుని నవ్వమన్నారు. నవ్వాను.

నీ తెలివైన ఆడపడుచు


ఇంటి నుంచి
ఆగస్టు 26

అమ్మాయ్,

ఫోటో చూశాం. మీ అన్నయ్య దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. పాలవాడికి, మంగలికి, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషికి కూడా చూపించారు. "తొంభై ఆరయ్యా! మా చెల్లెలు!" అంటూ. వింటుంటే నాకూ సంతోషంగానే ఉంది, కాదనను.

కానీ నేను పంతులమ్మని. నెల తిరక్కుండా అట్టడుగు నుంచి మొదటి స్థానానికొచ్చిన పిల్లవాణ్ణి నేను మెచ్చుకునే ముందు పక్కవాడి పలక చూస్తాను. అందుకే ఒక్కటే అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. మీ అన్నయ్యకి అరవై నాలుగేళ్ళు, షుగరు ఉంది. ఆ మోకాలికి చీము పడితే కాలే పోతుందని ఇక్కడి డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆ వార్డులో, ఆ సుడిగాలి చేతికింద, నీ సొంత అన్నని పడుకోబెడతావా? అవునా, కాదా?

మీ వదిన


ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగం
సెప్టెంబర్ 2

వదినకి,

నీ ఉత్తరం అందింది. ఆస్పత్రిలో అన్ని జాగ్రత్తలూ నియమాల ప్రకారం తీసుకుంటున్నారు. గత పద్నాలుగు నెలల్లో ఆపరేషన్ తరువాత ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులు రికార్డు ప్రకారం సున్నా. ఆపరేషన్‌కి ఇరవై అయిదో తేదీ ఇప్పించాను. భయపడాల్సిందేమీ లేదు. అన్నయ్యని తీసుకురా. నేను సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంటాను.

చెల్లెలు


ఇంటి నుంచి
అక్టోబర్ 20

అమ్మాయ్,

పొద్దున ఫోన్లో నీకు సగమే చెప్పాను, మీ అన్నయ్య పక్కనే ఉన్నారు. పోస్టులో అయితే ఆలస్యమని ఇది రాత్రి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆరు రోజులుగా జ్వరం. నిన్నటి నుంచి కుట్ల మధ్య నుంచి పచ్చగా కారుతోంది. రాత్రి ఒణుకు పట్టింది. ఆయనేమో "చెల్లెలికి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది" అంటున్నారు.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. అయిదు రోజులు మంచం పక్క నుంచి కదలకుండా కూర్చున్నావు, నీ చేత్తోనే డ్రెస్సింగు చేశావు, ఆ విషయంలో నీకు వంక పెట్టను. మూడో రోజు మాత్రం నిన్ను స్టేజీ మీదకి పిలిచారు, చేతుల శుభ్రతలో మొదటి ఆస్పత్రి అని షీల్డు ఇవ్వడానికి. నువ్వు అటు వెళ్ళావు, సుడిగాలి ఇటు వచ్చాడు. వెనక తొమ్మిది మంది. పదో మంచం ఆయన పుండు ఒత్తి చూశాడు, అదే చేత్తో మీ అన్నయ్య కట్టు విప్పి వేలితో నొక్కాడు. "ఫస్ట్ క్లాస్" అన్నాడు, పోయాడు. సీసా కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని ముట్టుకున్నవాడు ఒక్కడు లేడు. "డాక్టరుగారూ, చేతులు..." అన్నాను. ఆ తొమ్మిది మందీ నావైపు ఎలా చూశారంటే, నేనే తప్పు చేసినట్టు నోరు మూసుకున్నాను. ముప్పై మూడేళ్ళు బెత్తం పట్టినదాన్ని! నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత రెండు రోజులకి, చేతులు కడుక్కుందామని వార్డు చివర సింకు దగ్గరికెళ్ళాను. ఆయా నిలబడి శానిటైజర్ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి సింకులో పోస్తోంది. ఇదేమిటమ్మా అంటే, "ముప్పయ్యో తారీఖు కదమ్మా. సాయంత్రం మేడమొచ్చి ఖాళీవి లెక్కపెట్టుకుంటారు. లేకపోతే మా సిస్టరమ్మ పేరు బోర్డు మీద కిందకెళ్ళిపోద్ది" అంది, ఏదో పుణ్యకార్యం చేస్తున్నట్టు.

ఆ రోజే అడగాల్సింది. మీ అన్నయ్య జేబులో ఆ ఫోటో చూసి ఊరుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు రాసిన ఆ సెప్టెంబర్ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అందులో ఒక్క వెటకారం లేదు, ఒక్క వెక్కిరింత లేదు, సర్క్యులర్‌లా ఉంది. నీకు తెలుసా? తెలిసే రాశావా?

మీ వదిన


ఆస్పత్రి
అక్టోబర్ 21

వదినా,

అంబులెన్స్ పంపుతున్నాను. ఈ ఉత్తరం డ్రైవర్ చేతికిస్తున్నాను. దారిలో చదువు, అన్నయ్య నిద్రపోతుంటేనే చదువు.

తెలుసు. ఆగస్టు ముప్పై ఒకటిన తెలిసింది. లెక్కపెట్టడానికి సాయంత్రం వెళ్ళేదాన్ని, ఆ రోజు మధ్యాహ్నమే వెళ్ళాను. ఆయా సింకు దగ్గర పోస్తోంది. హెడ్ సిస్టర్ పక్కనే కాగితం పట్టుకుని నిలబడింది. నన్ను చూసి ఇద్దరిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు వదినా! "లెక్కకి ఇంకా ఆరు లీటర్లు తగ్గాయి మేడం, అరగంటలో అయిపోతుంది" అంది సిస్టర్. నాకు తెలిసే ఉంటుందనుకుంది. నేనేమన్నానో తెలుసా? "సరే, తరవాత వస్తాను" అన్నాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి ఆ సీసాలే లెక్కపెట్టుకుని, తొంభై ఆరు అని రాసి సంతకం పెట్టాను.

తనిఖీకి అయిదు రోజులుంది. గదికి తిరిగొస్తే బల్ల మీద నీ ఉత్తరం, అవునా కాదా అని. కాదు అని రాస్తే నా తొంభై ఆరు అబద్ధమని నా చేత్తో నేనే రాసినట్టు. నాకు ఆ షీల్డు కావాలనిపించింది వదినా. ఆ గదిలో మళ్ళీ కూర్చోబెట్టి టీ ఇస్తారనిపించింది. అంతే, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. నేను పక్కన కూర్చుంటే అన్నయ్య ఒక్కడికైనా ఏమీ కాదులే అనుకున్నాను.

తిట్టు, కొట్టు. ముందు అన్నయ్యని తీసుకురా. ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంచాను, సుడిగాలి కాదు, వేరే సర్జన్ చేస్తాడు.

చెల్లెలు


శిక్షణ కేంద్రం, హాస్టల్ గది
నవంబర్ 12

వదినా,

నేను చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్ళానో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు నాతో మాట్లాడలేదు, నేనూ నీ మొహంలోకి చూడలేకపోయాను. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

అన్నయ్య కేసు మీద కమిటీ కూర్చుంది. ఒక ఫారం ఉంటుంది, అందులో రెండు గళ్ళు. ఆస్పత్రిలో వచ్చింది, ఇంటి నుంచి తెచ్చుకుంది. మొదటి గడిలో పద్నాలుగు నెలలుగా సున్నా ఎందుకుందో ఆ రోజు అర్థమైంది. వచ్చిన ప్రతి జబ్బునీ రెండో గడిలోకి తోసేశారు. సూపరింటెండెంటుగారు కలం నా చేతికిచ్చి, "మీ వదినగారు ఇంట్లో కట్టు ముట్టుకుని ఉంటారు, ఆడవాళ్ళకి తొందరెక్కువ" అన్నారు. సుడిగాలి, "ఆయన ఇంట్లో కుక్క ఉందేమో కనుక్కోండి" అన్నాడు. లేదన్నాను. "పిల్లి?" అన్నాడు. కమిటీ మొత్తం పిల్లి గురించి పావుగంట చర్చించింది. మనింట్లో పిల్లి లేదని నేను మూడుసార్లు చెప్పాను, కమిటీ మినిట్స్ పుస్తకంలో మాత్రం "పిల్లి విషయం పరిశీలనలో ఉంది" అని ఎక్కింది.

నేను మొదటి గడిలో ఒకటి అని వేశాను. కింద ఇంకో మాట రాశాను. అన్నయ్యని మళ్ళీ చేర్చిన వారమంతా ఎవరికీ కనపడకుండా వార్డుల్లో మళ్ళీ లెక్కపెట్టాను, ఆ లెక్క. శిక్షణకి ముందు ముప్పై నాలుగు. శిక్షణ, బోర్డు, షీల్డు అన్నీ అయ్యాక ఇరవై తొమ్మిది. సీసాలు ఎలా ఖాళీ అవుతున్నాయో, నాకు ఎప్పటినుంచి తెలుసో కూడా రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆర్డరు. "సానుకూల నివేదికల రచన" మీద నాకు మూడు వారాల శిక్షణ. నా కుర్చీలో ఇప్పుడు ప్రచార విభాగం ఆయన కూర్చున్నాడట. ఇక్కడ మాస్టారు పొద్దుట మాతో "సమస్య" అనే మాట బదులు "అవకాశం" అని ఇరవైసార్లు రాయించాడు. చదువుకి కొదవ లేదు, బాత్‌రూముల్లో సబ్బే లేదు.

అన్నయ్య కాలు ఎలా ఉంది? వంగుతుందా? నన్ను తిట్టడానికైనా రాయి.

చెల్లెలు


ఎముకల వార్డు, పదకొండో మంచం పక్కన స్టూలు
నవంబర్ 18

అమ్మాయ్,

ముందు కాలు సంగతి. లోపల రెండోసారి కడిగారు. జ్వరం దిగింది. కొత్త కీలు తియ్యక్కర్లేదన్నారు. కానీ మోకాలు పూర్తిగా వంగదట, ఇక జన్మంతా కాలు చాపుకునే కూర్చోవాలట. నిన్ను క్షమించానా అని అడగకు, ఇంకా తేల్చుకోలేదు. కొన్ని పూటలు నీ మొహం గుర్తొస్తే ఒళ్ళు మండిపోతుంది. మీ అన్నయ్య మాత్రం తొలిరోజే క్షమించేశారు, ఆయనకి నువ్వింకా ముక్కు కారే పిల్లవే. "చూశావా, నా చెల్లెలు నిజం రాసింది" అని చెప్పుకుంటున్నారు, అదేదో ఇంకో షీల్డయినట్టు.

ఇక్కడి సంగతి రాస్తాను, నీ మాస్టారికి చూపించు. నువ్వు ఆ కాగితం రాశాక ఈ వార్డుకి భయం పట్టుకుంది. మా మంచం దగ్గరికి ఎవరొచ్చినా ముందు చేతులు రుద్దుకుంటారు. సుడిగాలయితే నావైపు చూస్తూ అర నిమిషం రుద్దుతాడు, మధ్యలో గోళ్ళు కూడా చూపిస్తాడు. నేను పోనీలే బుద్ధొచ్చిందనుకున్నాను. తర్వాత చూద్దును కదా, మీ అన్నయ్య చీము కట్టు విప్పి, చూసి, అవే చేతులతో తిన్నగా పన్నెండో మంచానికి వెళ్ళిపోతున్నారు! సీసా మా మంచానికే గానీ ఆ మంచానికి కాదన్నట్టు. నర్సుపిల్లని పట్టుకుని ఇదేమిటే అని అడిగితే, ఎంత అమాయకంగా చెప్పిందో! "ఆయన మేడంగారి తాలూకు కాదు కదండీ" అంది.

పన్నెండో మంచం ఆయన బస్సు డ్రైవరు, తొడ ఎముక విరిగింది. వాళ్ళావిడ పాపం రోజూ నా పక్కనే కూర్చుంటుంది. మొన్న మెల్లిగా అడిగింది, "అమ్మా, మీ ఆడపడుచుగారికి మా ఆయన్ని కూడా మీ బంధువే అని ఒక్కమాట చెప్పరూ?" అని. వెంటనే లేచి వెళ్ళి హెడ్ సిస్టర్‌తో చెప్పాను, ఆ డ్రైవరు నీకు పెదనాన్న కొడుకని. ఆ పూట నుంచీ పన్నెండో మంచం దగ్గర కూడా చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టారు. పదమూడు ఊరుకుంటుందా? ఆ ముసలాయన నీకు మేనమామ. పద్నాలుగు నీ పినతల్లి మొగుడు. సాయంత్రానికి వరస మొత్తం మనవాళ్ళే అయిపోయారు. పంతొమ్మిదో మంచంలో ఇంగ్లీషు తప్ప రాని ఒకాయనున్నాడు, ఆయన్ని నీకు దూరపు బావని చేశాను, తప్పలేదు. హెడ్ సిస్టర్ పుస్తకంలో రాసుకుంటూ, "మీ ఆడపడుచుగారిది ఎంత పెద్ద కుటుంబమండీ!" అంది. నువ్వు అయిదు నెలలు శిక్షణ ఇచ్చి చెయ్యలేని పని నేను ఒక్క పూటలో అబద్ధాలాడి చేశాను, గర్వంగా లేదు.

ఎందుకంటే డ్రైవరుకి నువ్వు చెల్లెలివయ్యేసరికే ఆలస్యమైపోయింది. నిన్న జ్వరం, ఇవాళ పొద్దున కుట్ల దగ్గర చీము. మీ అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు, అన్నం ముట్టలేదు. "అది నా కాలిదే, నా కాలి నుంచే వెళ్ళింది" అంటున్నారు. ప్రచార విభాగం ఆయన ఇందాకే ఫారం పట్టుకొచ్చి డ్రైవరు భార్యని అడుగుతున్నాడు, ఇంట్లో పిల్లి ఉందా అని. ఆవిడకేం తెలుసు, ఉందని చెప్పేసింది.

ఆ శిక్షణ వదిలేసి రా. ఉద్యోగం పోతే పోనీ, మనింటికొచ్చి ఉందువుగాని. ఆ ఫారం మీద కమిటీ సంతకం పడకముందే రా.

మీ వదిన